మైనం ఇంకని తీగచుట్ట

గోడ కట్టిన 31వ ఏడు, మాఘం 6

పదింటికి కరెంటు వచ్చింది. పదకొండున్నరకి పోతుంది. ఉన్న ఆ గంటన్నరలోనే మైనం కరగాలి, టంకం కాగాలి, తీగ చుట్టే మోటారు తిరగాలి. మిగతా రోజంతా ఎవరొచ్చి ఏం మాట్లాడినా ఫర్వాలేదు, ఆ గంటన్నరలో మాత్రం నాకు మాట్లాడే ఓపిక లేదు. కానీ సన్నెమ్మకి అది అర్థం కాదు. సరిగ్గా పదీ పదికి గిటారు భుజాన వేసుకుని వచ్చింది, గడప దాటకముందే నోరు తెరిచింది.

"పిన్నీ, మధ్య పికప్ చచ్చిపోయింది. నిన్న నీళ్ల వరుసలో పాడుతుంటే ఉన్నట్టుండి స్పీకరు బాక్సు మూగబోయింది. నా గొంతు ఒక్కటే మిగిలింది. జనం ఒకటే నవ్వు. ఆ పోలయ్య అయితే బిందె కింద పెట్టి మరీ నవ్వాడు."

"ముందు కూర్చో, తర్వాత ఊపిరి పీల్చుకో, ఆ తర్వాత నోరు మూసుకో" అన్నాను.

నవ్వింది. దానికి తిట్లు ఎక్కవు. గోడ లోపల ఈ మెట్ట మీద ఉన్న నాలుగు వేల మందిలో నా దగ్గర కూర్చుని నవ్వేది అదొక్కతే. మిగతావాళ్లు వస్తువు గడపలో పెట్టి పారిపోతారు.

పికప్ విప్పి మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. లోపల తీగ తెగింది. ఉప్పుగాలికి రాగి పచ్చబడి కుళ్లిపోతుంది, ఇక్కడ ఏ చుట్టా ఆరేళ్లకు మించి బతకదు. పాతది మొత్తం కోసి పారేసి కొత్తగా చుట్టాలి.

"ఇది అసలు ఎలా వింటుంది పిన్నీ?" అంది. పన్నెండేళ్లుగా వాయిస్తోంది, ఈ రోజు గుర్తొచ్చింది అడగడం.

"వినదే. దీనికి చెవులు లేవు. ఇవిగో ఆరు అయస్కాంతాలు. వీటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ, ఏడెనిమిది వేల చుట్లు. పైన నీ ఉక్కు తీగ ఊగితే అయస్కాంతం పట్టు కూడా దాంతోపాటు కదులుతుంది. ఆ కదలికకి రాగిలో కాస్త కరెంటు పుడుతుంది. ఆ కాస్తనే బాక్సు పెద్దది చేస్తుంది. ఉక్కు ఊగితేనే దీనికి తెలుస్తుంది. నీ గొంతులో ఉక్కు లేదు. నువ్వు దీని పక్కన చచ్చేలా అరిచినా దీనికి పట్టదు."

"నీలాగే" అంది.

గొంతు పట్టదు కాబట్టే గిటార్లని బతకనిచ్చారు. మైకు అనేది ఈ గోడ లోపల ఉండకూడదు. పదమూడో ఏట ఉత్తర గేటు కాపలావాడికి బయటినుంచి వాడి అన్న గొంతు వినబడింది. "తలుపు తియ్యరా, నేనే" అంది. తీశాడు. వాడి అన్న చచ్చి అప్పటికి రెండేళ్లు. గోడ బయట తిరిగే, గొంతులు దొంగిలించే యంత్రాలకి నాలుగు మాటలు దొరికితే చాలు, మనిషి మొత్తాన్ని అల్లేస్తాయి. ఆ రోజు మూడు వందల మంది పోయారు. మా ఆయన కూడా. అప్పటినుంచి గొంతుని పట్టే వస్తువు ఏదైనా దాన్ని "చెవి" అంటారు. చెవి ఎవరి దగ్గర దొరికితే వాళ్లకి మూగసూది వేసి గొంతు తీసేస్తారు.

మాఘం 8

చుట్టడం పూర్తయింది. మీటరు మీద ఆరున్నర వేల ఓములు చూపించింది. మంచిదే. నాలుగుసార్లు తీగ తెగింది, నాలుగుసార్లూ గడ్డకట్టిన వేళ్లతో కొసలు వెతుక్కుని అతికించాను. నా కళ్లు పోతున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

మైనం పెట్టకముందు ఒకసారి బిగించి వినిపిస్తే సన్నెమ్మ మొహం ముడుచుకుంది.

"పాత మోత రాలేదు పిన్నీ. ఏదో జలుబు చేసినట్టుంది."

నలభై ఏళ్లుగా చుట్టినదాన్ని. నాకు జలుబు గురించి చెప్తుంది. "నచ్చకపోతే తీసుకుపో, గోడ బయట ఇంకెవరైనా ఉన్నారేమో వెతుక్కో" అన్నాను. "అలా అంటావేం పిన్నీ, ఎల్లుండి నీళ్ల వరుస ఉంది, రేపటికి ఇచ్చేయ్" అని బతిమాలి పోయింది. నాకు మాత్రం సాయంత్రం దాకా ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మాఘం 9

చుట్టని మైనంలో ముంచాను. ఈ పని ఎందుకో రాసిపెడతాను, నా తర్వాత ఎవరైనా ఈ పుస్తకం చూస్తే పనికొస్తుంది. చుట్లు వదులుగా ఉంటే మనిషి అరిచినప్పుడు ఆ గాలికి అవే వణుకుతాయి. వణికితే వాటిలోనూ కరెంటు పుడుతుంది, అప్పుడు పికప్ గొంతుని కూడా పట్టేస్తుంది. అంటే చెవి అయిపోతుంది. మైనం చుట్ల మధ్యకి ఇంకి గడ్డకడితే ఏ చుట్టూ కదలదు. నీళ్లగిన్నెలో మైనంగిన్నె పెట్టి అరవై అయిదు డిగ్రీలు దాటకుండా చూడాలి. దాటితే ప్లాస్టిక్ వంగిపోతుంది. లోపలి గాలి బుడగలై పైకి వస్తుంటుంది. బుడగలు ఆగేదాకా తియ్యకూడదు. అరగంట పడుతుంది.

పన్నెండు నిమిషాలకే కరెంటు పోయింది. ఈ రోజు ముందే తీసేశారు, ఎవడి బాబు సొమ్మో. గిన్నె చల్లారిపోతోంది, మైనం అంచుల్లో తెల్లబడుతోంది. బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

రేపు మళ్లీ కరిగించి ముంచాలి. అది తెలుసు. కానీ దీనికోసం రేపటి గంటన్నర కూడా తగలేయాలా, అదీ జలుబు చేసిందన్న మనిషి కోసం, అని ఒళ్లు మండింది. తీసి తుడిచి గిటారులో బిగించేశాను. బ్యాటరీ బాక్సుకి తగిలించి పెన్సిలుతో పికప్ మీద తట్టాను. బాక్సులో టక్కుమంది. గట్టిగా కాదు, కొంచెం. మైనం సరిగ్గా ఇంకిన చుట్టయితే ఎంత తట్టినా మోగకూడదు.

కొంచెమే కదా అనుకున్నాను. సాయంత్రం వచ్చి తీసుకుపోయింది. మైనం పట్టాక మోత బాగుందట. "పిన్నీ, నీ చేతికి మొక్కాలి" అంది. మైనానికీ మోతకీ అంత సంబంధం లేదు. చెప్పలేదు.

ఫాల్గుణం 2

సన్నెమ్మ నీళ్ల వరుసలో పాడుతుంటే విన్నాను. బిందె నిండినా జనం కదలడం లేదు. దానికి గొంతుందని నేను ఎప్పుడూ దాని మొహం మీద ఒప్పుకోలేదు. నిజంగా ఉంది. ఈ గోడలోపల నీళ్లు, గంజి తప్ప మనుషులకి దక్కేది ఆ ఒక్క గొంతే.

చైత్రం 11

ఎండలు ముదిరాయి. ఈ రోజు చెవి పరీక్ష. మూడు నెలలకొకసారి మెట్ట మీద గిటార్లన్నీ నీళ్ల చావడి దగ్గర వరుసగా పెడతారు. మొత్తం పదకొండు. తీగలు కదలకుండా గుడ్డ దూరుస్తారు, బాక్సు మోత పూర్తిగా పెంచుతారు. అప్పుడు చెవుల అధికారి వరహాలరావు పికప్ మీదకి వంగి "ఎవరు నువ్వు?" అని అరుస్తాడు. బాక్సులోంచి ఏమీ రాకూడదు.

ఆరు గిటార్లు అయ్యాయి. ఏడోది సన్నెమ్మది. ఆయన వంగి అరిచాడు.

బాక్సులోంచి "ఎవరు నువ్వు" అని వచ్చింది. సన్నగా, తగరం డబ్బాలోంచి వచ్చినట్టు. కానీ మాట స్పష్టంగా ఉంది.

పక్కనున్న ఆడవాళ్లు సన్నెమ్మనుంచి నాలుగడుగులు దూరం జరిగారు. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. సన్నెమ్మ మాత్రం, "బాబూ, ఇంకోసారి అరవండి, మీ గొంతే అటునుంచి తిరిగొచ్చిందేమో" అంది. ఆయన ఇంకోసారి అరిచాడు. ఇంకోసారి వచ్చింది. అప్పుడది నావైపు చూసింది, పిన్ని చూసుకుంటుందిలే అన్నట్టు.

నేను కాళ్లవైపు చూసుకున్నాను. పెన్సిలు చప్పుడు గుర్తొచ్చింది.

చైత్రం 12

వరహాలరావు పికప్‌ని గుడ్డసంచిలో వేసుకుని నా కొట్టుకే వచ్చాడు. మంచివాడే. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

"ఇది నువ్వు చుట్టిందేనా ఎర్నమ్మా?"

"నేనే బాబూ."

"అయితే నీకు తెలిసిందే కదా. చుట్టినవాళ్ల తప్పయితే సూది చుట్టినవాళ్లకి. వాడేవాళ్లు కెలికితే సూది వాళ్లకి. విప్పి చూసి రేపటికల్లా రాసిచ్చేయ్."

"నేనే చెప్పాలా బాబూ?"

"ఇంకెవర్ని అడగమంటావు? ఇందులో ఏముందో నీకు తప్ప ఎవడికి తెలుసు? నువ్వు అబద్ధం రాయవని నాకు తెలుసు."

వెళ్లిపోయాడు. నేను తలుపు గడియ పెట్టి పికప్ విప్పాను. పైన రెండు పొరలకి మైనం పట్టింది. ఆ లోపల రాగి అంతా ఎండి, మెరుస్తూ, చుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మైనం చుక్క లేదు. వేలితో తాకితే చుట్లు గడ్డిలా కదిలాయి. ఈ పని తెలిసినవాళ్లెవరు చూసినా ఒక్క క్షణంలో చెప్పేస్తారు, ముంచినామె సగంలో తీసేసిందని. తెలిసినవాళ్లు నేను ఒక్కదాన్నే.

రాత్రి అన్నం తినలేదు. నాకు యాభై ఎనిమిది. నా గొంతుతో నేను చేసేది ఏముంది, తిట్టడం తప్ప? అది పోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. పైగా అందరూ సంతోషిస్తారు. దాని గొంతు పోతే మెట్ట మొత్తం పోగొట్టుకుంటుంది. లెక్క ఎంత తేలికో చూడు. ఇంత తేలిక లెక్క నా బతుకులో ఎప్పుడూ తగల్లేదు.

చైత్రం 13

"యజమాని పికప్ మూత అంచున గీకి, ఎండలో ఉంచి, మైనం కారిపోనిచ్చింది" అని రాశాను.

గీతలు లేవు. చాకు తీసుకుని పెట్టాను. నాలుగు గీతలు, ఒకటి కాస్త లోతుగా. పైపొరలో మైనాన్ని కూడా అక్కడక్కడా వేడి చెంచాతో కరిగించాను. పని శుభ్రంగా వచ్చింది. కళ్లు కనబడవంటాను గానీ ఇలాంటి పనికి బాగానే కనబడ్డాయి.

సంతకం పెట్టాక చెయ్యి కడుక్కున్నాను.

చైత్రం 15

చావడిలో విచారణ. సన్నెమ్మని బల్ల ముందు నిలబెట్టారు. నాలుగు రోజులు గదిలో వేసి తిండి సరిగ్గా పెట్టినట్టు లేరు, కానీ నోరు మాత్రం అలాగే ఉంది.

"నేను గీకలేదు బాబూ. నా గిటారుని నేనెందుకు గీక్కుంటాను? పిన్నీ, నువ్వైనా చెప్పవే."

అందరూ నావైపు తిరిగారు. "గీతలు ఉన్నాయి. నేను చూశాను" అన్నాను.

దాని మొహంలో కోపం వస్తుందనుకున్నాను. వస్తే నాకు తేలికయ్యేది. అది ఆలోచనలో పడింది. తర్వాత మెల్లగా అంది, "ఫాల్గుణంలో ఒకసారి అంచున ఉప్పు పేరుకుపోయిందని పిన్నీసుతో గోకి తుడిచాను. అప్పుడేనేమో. పిన్ని చెప్పిందంటే అయ్యుంటుంది. పిన్ని పొరబడదు."

నేను చెప్పినదాన్ని నమ్మడానికి అది తనలోనే తప్పు వెతుక్కుంది. వెతికి దొరకబుచ్చుకుంది కూడా. నా ముందే.

అధికారి తీర్పు చదవబోతే లేచి నిలబడ్డాను. "బాబూ, కావాలని చేసింది కాదు. తెలియక తుడిచింది. గోడ బయటకి పంపకండి, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. కావాలని చెవి చేసినవాళ్లని సూది వేసి గోడ బయటికి కూడా తోసేస్తారు. నా మాట విన్నారు. సూదితో వదిలేశారు. చావడి అంతా నన్ను మెచ్చుకుంది. ఎర్నమ్మ నోరు చెడ్డదే గానీ మనసు వెన్న అన్నారు.

సన్నెమ్మ బల్ల దగ్గరినుంచే నాకు చేతులు జోడించింది.

సూది పడేటప్పుడు సాక్షి ఉండాలట. నన్నే కూర్చోబెట్టారు. నర్సు కొత్తపిల్ల, అలవాటు కొద్దీ "నొప్పి పుడితే చెప్పమ్మా" అంది. పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు. సన్నెమ్మ కూడా నవ్వింది. "ఎలా చెప్పనే?" అంది. అదే దాని ఆఖరి మాట.

తర్వాత ఊపిరి మాత్రం వచ్చింది. నోరు కదిలింది, గాలి వచ్చింది. అది దాన్ని పదే పదే చేసి చూసుకుంది, ఎక్కడో దాగుంది దొరుకుతుంది అన్నట్టు. నేను సంతకం పెట్టి బయటికి వచ్చేశాను.

వైశాఖం 3

మూడేళ్లుగా ఒక మనిషిని ఇమ్మని అధికారికి అర్జీలు పెడుతున్నాను. ఈ రోజు ఇచ్చారు. చుట్టే పనికి సూది పడ్డవాళ్లనే ఇస్తారు, మైనం పట్టని కొత్త చుట్టల దగ్గర మాట్లాడరు కాబట్టి. ఈ మూడేళ్లలో ఎవరికీ సూది పడలేదు. పదింటికి తలుపు తీస్తే సన్నెమ్మ నిలబడి ఉంది.

వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. లేపుతుంటే నా చేతిని కళ్లకద్దుకుంది. గోడ లోపల ఉంచింది నేనని దాని నమ్మకం.

"సరే సరే, కూర్చో" అన్నాను. మోటారు ముందు కూర్చోబెట్టి తీగ పట్టుకోవడం చూపించాను. దాని వేళ్లు మంచివి. పన్నెండేళ్లు తీగల మీద నడిచిన వేళ్లు కదా, బిగువు చెప్పకుండానే తెలుస్తోంది. మొదటి రోజే నాకన్నా బాగా చుట్టింది. కొట్టు నిశ్శబ్దంగా ఉంది. నలభై ఏళ్లుగా నేను కోరుకున్న నిశ్శబ్దం ఇదే. భరించలేకపోతున్నాను.

వైశాఖం 9

మాట్లాడదామని నోరు తెరుస్తుంది. అలవాటు పోవడం లేదు. ఏదో గుర్తొచ్చినట్టు నావైపు తిరుగుతుంది, కళ్లు మెరుస్తాయి, నోట్లోంచి గాలి వస్తుంది. అప్పుడు గుర్తొస్తుంది. ఇబ్బందిగా నవ్వి మళ్లీ మోటారువైపు తిరుగుతుంది. రోజుకి ముప్పై సార్లు. ముప్పై కాదు, నేను లెక్కపెట్టడం మానేశాను.

నీళ్ల వరుసలో ఇప్పుడు ఎవరూ పాడరు. బిందె నింపుకుని వెళ్లిపోతారు. పోలయ్య నన్ను ఆపి, "నీ పుణ్యమా అని గోడ లోపలైనా ఉంది పాపం" అన్నాడు. వాణ్ణి పచ్చి బూతులు తిట్టాను. ఎందుకో వాడికి అర్థం కాలేదు.

వైశాఖం 14

ఈ రోజు చెప్పేశాను.

నా కళ్లజోడు దుమ్ము పట్టిందని అది తీసి తన పైటతో తుడిచింది. తర్వాత తన వంతు నీళ్లలోంచి సగం నా గ్లాసులో పోసింది. దాహంతో దాని పెదాలు పగిలి ఉన్నాయి. నా ముందు గ్లాసు పెట్టి, తాగమన్నట్టు చెయ్యి ఊపింది. నాకు పిచ్చెక్కింది.

"ఆపవే! నీ దణ్ణాలు ఆపు! నేను నిన్ను కాపాడలేదు. నేనే చేశాను. బుడగలు ఆగకముందే తీసేశాను, కరెంటు పోయిందని, నువ్వు జలుబు చేసిందన్నావని కోపంతో. లోపల మైనం లేదు. గీతలు కూడా నేనే పెట్టాను, చాకుతో, ఈ బల్ల మీదే. పడాల్సింది నాకు. నాకు భయమేసింది."

మోటారు తిరుగుతూనే ఉంది. అది నా మొహం చూస్తోంది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకోసారి తెరిచింది. ఈసారి నవ్వలేదు.

జాలితో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. నాకు బరువుగా ఉండి చెప్పాను. దింపుకోవడానికి చెప్పాను. సూది పడ్డవాళ్ల సాక్ష్యం ఎక్కడా చెల్లదు, రాసిచ్చినా చదవరు. అది తెలిసే చెప్పాను. తెలియకపోతే చెప్పేదాన్ని కాదు. నిజం చెప్పడానికి నాకు మొత్తానికి ఒక మనిషి దొరికింది. ఆ మనిషి నోరు నేనే తీసేశాను కాబట్టి దొరికింది.

సన్నెమ్మ లేచి మోటారు ఆపింది. చుట్టిన చుట్టని జాగ్రత్తగా గూట్లో పెట్టింది. గ్లాసులో నీళ్లని తిరిగి తన చెంబులో పోసుకుంది. వెళ్లిపోయింది.

వైశాఖం 15

రాదనుకున్నాను. నిద్రపోలేదు. వచ్చి నన్ను కొడుతుందేమో, కొట్టు తగలబెడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ఒక్క దెబ్బ కొట్టినా నాకు చాలేది.

పదింటికి వచ్చింది. దణ్ణం పెట్టలేదు. కాళ్లవైపు చూడలేదు, మొహంవైపు చూడలేదు. మోటారు ముందు కూర్చుని తీగ కొస వెతుక్కుంది.

"తిన్నావా?" అన్నాను. తిరగలేదు.

"సన్నెమ్మా, ఏదో ఒకటి చెయ్యవే. ఆ గిన్నె నా మీదకి విసురు" అన్నాను.

చుట్టుకుంటూ పోయింది. మాట్లాడదామని నోరు కూడా తెరవలేదు ఈ రోజు. నేర్చుకుంది.

పదకొండున్నరకి కరెంటు పోయింది. చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. నేను పట్టుకుని చూశాను. బిగువుగా, సమంగా, నా జన్మలో నేను చుట్టలేనంత బాగా ఉంది. చెంబు తీసుకుని లేచింది.

రేపూ వస్తుంది. ఎల్లుండీ వస్తుంది. సూది పడ్డవాళ్లు అప్పగించిన చోట పని మానేస్తే నీళ్లు ఆపేస్తారు. నాతో కూర్చోవడం తప్ప దానికి ఇంకో దారి లేదు.